దుంప తల ఏం చేశాను

నా చిన్నప్పుడు క్లాసులో మొదటి మార్కు నాది కాకపోతే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. డుంబ్రిగుడ సంత పక్కనే మా కిరాణా కొట్టు. నాన్న మైదాన ప్రాంతం నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. కొండ దిగి వచ్చేవాళ్ళకి ఉప్పూ, కిరసనాయిలూ, ఎండుచేపలూ అమ్మే ఇంట్లో పుట్టిన నాకు, వాళ్ళకంటే నాకే అన్నీ ఎక్కువ తెలుసన్న పొగరుండేది. ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు, ఆ గాలికే పట్టింది.

ఐదో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్ల పై ఊరి రైతు కూతురు. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునే భాష వేరు, పుస్తకంలో తెలుగు వేరు. మాస్టారు లేపి అడిగితే నిలబడేది, నేల చూసేది, మళ్ళీ కూర్చునేది. బళ్ళో చేరి రెండేళ్ళవుతున్నా ఆమె గొంతు ఎలా ఉంటుందో మాకు తెలీదు. ఆమె లెక్కల పుస్తకంలో తప్పులు చూసి నేను కిసుక్కున నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగానే ఉంటుంది.

వలిసె పూలు రాలిపోయి చలి ముదిరే రోజుల్లో ఆ పిల్ల తండ్రి బడికొచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, ఈ వారంతో తన గుంటని బడి మానిపించేస్తానని చెప్పాడు. రెండేళ్ళుగా పంపిస్తున్నా అది ఒక్క ముక్క నోరు తెరిచి చదవగా తను వినలేదట, మేకలైనా మేపుకుంటుందట. ఆ పిల్ల బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. మాస్టారు వాదించలేదు. శనివారం పిల్లల్ని కొండ మీదికి తీసుకెళ్ళాలనుకుంటున్నాను, దారి చూపించడానికి మీరు రాగలరా అని మాత్రం అడిగారు. మా కొట్లో ఎవరూ కొండవాళ్ళని 'మీరు' అనగా నేను వినలేదు. ఆ పిల్ల తండ్రి తలూపాడు.

శనివారం సంచులొద్దు, ఒక నోటుబుక్కూ పెన్సిలూ చాలన్నారు మాస్టారు. దారి పొడుగునా ఆయనకి ఏమీ తెలియనట్టే మమ్మల్ని అడుగుతూ నడిచారు. గెడ్డ దగ్గర ఆగి ఆ వాగు నీళ్ళు ఏ దిక్కుకి పోతున్నాయో సూర్యుణ్ణి చూసి చెప్పమన్నారు. కాఫీ తోటలో కర్ర పాతి, దాని నీడనీ సిల్వర్ ఓక్ చెట్టు నీడనీ కొలిపించి, చెట్టెక్కకుండానే దాని ఎత్తు కట్టించారు. అడ్డాకులో ఈనెలు ఎటు నుంచి ఎటు వెళ్తాయో గీయమన్నారు. అన్నిటికీ ముందు చెయ్యెత్తింది నేనే. ఆ పిల్ల తన తండ్రి వెనకాలే నడిచింది.

వాళ్ళ పొలం దాటాక ఒక వాలులో ఆయన ఆగి, ఎండుతున్న తీగ ఒకటి చూపించి, అడవి దుంప తవ్వుకోండని గునపం ఇచ్చాడు. నేనే లాక్కున్నాను. మాస్టారు సాయం పట్టినా, తవ్వింది నేనేనని చెప్పుకోవాలని నా ఆరాటం. మోచెయ్యంత దుంప బయటికొచ్చింది. తీగని, దాంతో పాటు దుంప మీది గట్టి తలని తెంపి పొదల్లోకి విసిరేసి, దుంపని అందరికీ ఎత్తి చూపించాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ పిల్ల పొదల్లోకి దూరింది. చేతులు గీరుకుంటూ వెతికి, ఆ తలని పట్టుకొచ్చి, గోతిలో నిలబెట్టి మట్టి కప్పింది. అప్పుడు నా వైపు చూసి, రెండేళ్ళలో మొదటిసారి మాట్లాడింది.

"తల పారేసినావేటి? అదుంటేనే మల్లా దుంపొత్తాది."

మాస్టారు ఆమె పక్కన మట్టిలోనే చతికిలబడి, మళ్ళీ ఎప్పుడు తవ్వుతారమ్మా అని అడిగారు. మూడేళ్ళకంది. ఈ ఏడు కింద వాలు, పైఏడు నడి వాలు, ఆ పైఏడు మీది వాలు. కింద వాలులో తీగలు ఇరవయ్యారు. ఒక్కో తీగ ఇంటిల్లిపాదికీ రెండు పూటలు. మరి ఈ ఏడు ఎన్ని పూటలొస్తాయన్నారాయన. నేను గబగబా గుణించి యాభై రెండని అరిచాను. ఆ పిల్ల నలభై నాలుగంది. నాలుగు తీగలు లేతవి, వాటిని ఈ ఏడు ముట్టుకోరట. చుట్టాలొస్తే ఇంకా తగ్గుతాయని కూడా చెప్పింది. పిల్లలందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నేనొక్కదాన్నే నవ్వలేదు.

మాస్టారు లేచి తండ్రి వైపు తిరిగారు. "ఈ లెక్క నేను నేర్పింది కాదు, మీరు నేర్పింది. దాన్ని కాగితం మీద పెట్టించడమే నా పని. ఇన్నాళ్ళూ ఆ పని నేను సరిగా చెయ్యలేదు. ఇంకొక్క ఏడాది నాకివ్వండి."

ఆయన, కూతురు కప్పిన మట్టిని పాదంతో మెల్లగా అదిమాడు. తిరిగి కొండ దిగుతూ, గెడ్డ దాటాక, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు: "మేకల్ని నానే సూసుకుంటానులే మేస్టారూ."

మాస్టారికి ఆ వాలు సంగతీ, ఆ పిల్ల సంగతీ ముందే తెలుసేమోనని ఇప్పుడు నాకు అనుమానం. అప్పుడు నాకంత ఆలోచన లేదు. నా యాభై రెండే నన్ను తినేసింది.

సోమవారం, కొండ మీద చూసిందీ చేసిందీ రాయమన్నారు. నేను ఐదు పేజీలు నింపాను. చెట్టు ఎత్తు, గెడ్డ దిక్కు, ఆకు బొమ్మ అన్నీ రాశాను. నలభై నాలుగు పూటల లెక్కని కూడా, నేనే కట్టినట్టు పొందిగ్గా రాశాను. పక్కన ఆ పిల్ల పెన్సిలు నలుపుతూ నాలుగు లైన్లు రాసింది. మాస్టారు ఆ నాలుగు లైన్లనీ క్లాసుకి చదివి వినిపించారు. నా పుస్తకం మూసి నా చేతికిచ్చారు. చివర మార్కులు లేవు. ఎర్ర సిరాతో ఒక్క ముక్కే ఉంది: 'దుంప తల ఏం చేశావో రాయలేదు.'

ఆ పేజీ ఇంట్లో ఎవరికీ చూపించలేదు. ఆ పిల్ల పదో తరగతి దాకా నా పక్కనే కూర్చుంది, నాకు మంచి స్నేహితురాలైంది. ఆమెకీ ఆ పేజీ చూపించలేదు. ఇప్పుడు నేనూ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. వాళ్ళు ఏ కొండకో తోటకో వెళ్ళొచ్చి రాసినవి దిద్దేటప్పుడు, రాసిన దానికంటే రాయకుండా దాటేసిన దాన్నే ఎక్కువ వెతుకుతాను. అది దొరికితే కోప్పడను. నేను ఇంకా బాకీ ఉన్న మనిషిని కదా.

మాస్టారూ, దుంప తల పొదల్లోకి విసిరేసింది నేనే. వెతికి తెచ్చి పాతింది తను. నలభై నాలుగు కూడా తన లెక్కే.