వేడెక్కితే ఆగని కారు

నోజుకో పంతొమ్మిదేళ్లు ఒక బ్రేకు సామాన్ల ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర పనిచేసింది. యజమానులు ఆ విభాగం మూసేశాక మదర్‌వెల్ బస్తీలో తన ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని బ్రేకుల పని మొదలుపెట్టింది. బ్రేకులు తప్ప మరేదీ ముట్టుకునేది కాదు. ఇంజను చూడమంటే “వాండిలే దగ్గరికెళ్లండి” అని పక్క వీధిలోని అతని షెడ్డు చూపించేది. మొదట్లో వచ్చినవాళ్లలో సగం మంది ఆమెనే “మెకానిక్ ఉన్నాడా?” అని అడిగేవారు. “ఉంది, చెప్పండి” అనేది.

2011 ఆగస్టులో ఒక శనివారం పొద్దున్న జోలానీ వచ్చాడు. హైస్కూల్లో లెక్కల మాస్టారు, నలభై దాటినవాడు. అతని దగ్గరున్నది గుషేషే. పెట్టెలాంటి ఆకారం, ఆరు సిలిండర్ల ఇంజనుతో ఉండే ఆ పాత జర్మన్ కారు వీధిలోకి వస్తే మదర్‌వెల్ మగవాళ్లు మాటలు ఆపి చూస్తారు. ఆదివారాలు మైదానంలో దాన్ని బొంగరంలా తిప్పే పోటీలకు జోలానీ తప్పకుండా వెళ్లేవాడు.

“పోయిన వారం మా అమ్మ కార్లో ఉందక్కా,” అన్నాడు. “స్వార్ట్‌కాప్స్ నది వైపు దిగుతున్నాం. ముందు బస్సు ఆగింది. బ్రేకు తొక్కితే బండరాయిని తొక్కినట్టుంది. హ్యాండ్ బ్రేకు లాగి గడ్డిలోకి దించాను. అప్పట్నుంచి ఆవిడ చర్చికి టాక్సీలోనే వెళ్తోంది.”

“ఏమేం మార్చారు?”

“ప్యాడ్లు, డిస్కులు, మాస్టర్ సిలిండరు, అన్నీ వాండిలే మార్చాడు. ఇక మార్చాల్సింది నన్నే.”

“నిన్ను చివర్లో చూద్దాంలే.”

ఇంజను ఆపి ఉండగా నోజుకో పెడల్‌ను ఐదారుసార్లు తొక్కింది. అది గట్టిపడ్డాక కాలు అలాగే ఆనించి ఇంజను స్టార్ట్ చేసింది. పెడల్ మెల్లగా కిందికి దిగింది. అంటే, ఇంజను పీల్పుతో పెడల్‌ను తేలిక చేసే డబ్బా బాగానే ఉందన్నమాట. చక్రాలు విప్పింది. వెనక ఎడమవైపు, ప్యాడ్లను డిస్కుకి నొక్కే క్యాలిపర్ పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే శుభ్రం చేసి గ్రీజు రాసింది. అయినా అసలు జబ్బు అది కాదని ఆమెకు తెలుసు. ఒక్క పిన్ను వల్ల పెడల్ రాయిగా మారదు.

“స్కూలుకి వెళ్లేటప్పుడు ఎప్పుడైనా ఇలా అయిందా?”

జోలానీ ఆలోచించాడు. “లేదు. స్కూలు ఐదు నిమిషాల దూరమే. ఎప్పుడైనా ఊరు దాటాకే.”

“అయితే తాళం ఇలా ఇవ్వు.”

ఊరి బయటికి వెళ్లే ఆడో రోడ్డు మీద ఆమే నడిపింది. నలభై ఏడేళ్లొచ్చినా అంత జోరైన కారును నడపడం ఆమెకు అదే మొదటిసారి. మూడో గేరులో ఇంజను ముందుకు లాగినప్పుడు యాక్సిలరేటర్ ఇంకాస్త నొక్కింది. ముప్పై నిమిషాల తర్వాత, ముందూ వెనకా ఎవరూ లేని చోట బ్రేకు తొక్కింది. రాయే. ఇంజను ఆపకుండా గేర్లు తగ్గిస్తూ పక్కకు తీసి, బానెట్ ఎత్తింది.

“ఇలా రా, చూడు.”

లోపల గొట్టాలన్నీ ఎర్ర రంగు సిలికాన్‌వి, మెరుస్తున్నాయి. వాటిలో ఇంజను నుంచి బ్రేకు డబ్బాకు వెళ్లే గొట్టం, నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చిన స్ట్రాలాగా మధ్యలో అణిగిపోయి ఉంది. ఇంజను ఆపిన కాసేపటికి అది మళ్లీ గుండ్రంగా ఉబ్బింది.

“ఎవరు వేశారివి?”

జోలానీ ఆ గొట్టం మీదికి వంగాడు. గాలి హోరున వీస్తోంది.

“నేనే. మార్చిలో. మైదానంలో బానెట్ ఎత్తితే బాగుంటుందని...”

“బాగానే ఉన్నాయి. నీళ్ల గొట్టాలను లోపలి నీళ్లు బయటికి నెడతాయి, వాటికి పరవాలేదు. దీన్ని ఇంజను లోపలికి పీలుస్తుంది. వేడికి మెత్తబడి మూసుకుపోతోంది. షెడ్డుకి తెచ్చేసరికి చల్లారుతుంది, ఎవరికి కనబడుతుంది?”

“అక్కా, బాగుచెయ్యకుండానే డబ్బు గుంజాడని నేను వాండిలేని చర్చి గేటు దగ్గర అందరి ముందూ దొంగన్నాను.”

“విన్నాను.”

ఇంజను చల్లారేదాకా గట్టు మీద కూర్చుని, ఆమె తెచ్చుకున్న వేపుడు రొట్టెలు చెరొకటి తిన్నారు. షెడ్డుకు చేరాక మందపాటి గోడలున్న నల్ల గొట్టం వేసి, మళ్లీ అదే రోడ్డు మీద అంతే దూరం అతనితో నడిపించింది. నాలుగుసార్లు తొక్కించింది. నాలుగుసార్లూ కారు నిలబడింది.

“వాండిలేతో మాట్లాడు,” అంది తాళం ఇచ్చేస్తూ.

“ఏం చెప్పను?”

“గేటు దగ్గర గట్టిగా మాట్లాడటం వచ్చుగా. అలాగే చెప్పు.”

అతనికి మూడు వారాలు పట్టింది. చివరికి ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, అదే గేటు దగ్గర, తల్లి పక్కనుండగా తప్పు తనదేనని పైకి చెప్పాడు. వాండిలే తలాడించి వెళ్లిపోయాడు. చెయ్యి కలపలేదు. ఆ తర్వాత కూడా జోలానీ కారును తన షెడ్డులోకి రానివ్వలేదు.

కానీ ఆ నెలాఖరులో వాండిలే తన దగ్గరికొచ్చిన ఒక వ్యానును తనే నడుపుకుంటూ వచ్చి నోజుకో గుమ్మం ముందు ఆపాడు.

“వేడెక్కితే ఎడమకి లాగుతోంది. నాకు అంతుపట్టలేదక్కా,” అన్నాడు.

నోజుకో చేతులు తుడుచుకుని తాళం కోసం చెయ్యి చాచింది.