రెండు వందల పదమూడో మొక్క

మా పిన్ని ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. దారి పక్కన మొలిచే పిచ్చిమొక్కల్ని తెచ్చి, నీడలో ఆరబెట్టి, పొడి కొట్టి, ఆల్కహాల్‌లో నానబెట్టి సారం తీస్తుంది. చిన్న పళ్లేల్లో పెరుగుతున్న క్యాన్సర్ కణాల మీద ఆ సారం చుక్కలు వేసి, చస్తాయేమోనని చూస్తుంది. పదకొండేళ్లలో రెండు వందల పన్నెండు మొక్కలు అయ్యాయి. కణాలు మాత్రం దర్జాగా పెరిగాయి.

రెండు వందల పదమూడో దానికోసం పిన్ని ఎక్కడికీ వెళ్లలేదు. సొంత పెరటి గోడ పగుళ్లలో గుబురుగా పెరిగిన పసుపుపూల మొక్కని గుప్పెడు కోసి పట్టుకెళ్లింది. సారం తయారయ్యాక చుక్కలు వేసింది. మూడో రోజు చూస్తే కణాలన్నీ చచ్చిపడి ఉన్నాయి. పోలిక కోసం ఉత్త ఆల్కహాల్ వేసిన పళ్లెంలోవి మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. పిన్ని కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, పెద్దసారుని పిలిచింది.

"ఒక్కసారంటే గాలివాటం కావచ్చమ్మా. మళ్లీ చెయ్యాలి. ఈసారి బుట్టెడు తీసుకురా," అన్నాడాయన.

పిన్ని పరుగులాంటి నడకతో ఇంటికొచ్చింది. పెరటి గోడ తళతళలాడుతోంది. దాని ముందు కుర్చీ వేసుకుని బాబాయి విజయగర్వంతో కూర్చున్నాడు.

"గోడ శుభ్రం చెయ్యమని ఎన్నాళ్లుగా పోరుతున్నావు! ఇవాళ చేసేశా. ఒక్క పిచ్చిమొక్క మిగిలిందేమో చూడు."

"ఒక్కటి కూడా లేదా?"

"వేళ్లతో సహా పీకేశా."

పిన్ని మెట్ల మీద కూలబడింది. "క్యాన్సర్ కణాల్ని చంపిన మొక్కండీ అది!"

"మన గోడ మీదదా? నాకేం తెలుసే?"

చెత్తబండి అప్పటికే వెళ్లిపోయింది. అదృష్టం కొద్దీ ఎదురింటి ప్రహరీ మీద అదే మొక్క కనిపించింది. బాబాయి వెళ్లి అడిగాడు గానీ ఎదురింటావిడ ఊరికే ఇచ్చే రకం కాదు. "తీసుకోండి అన్నయ్యగారూ. కానీ అదొక్కటే కాదు, గోడంతా శుభ్రం చేసి వెళ్లాలి," అంది. ఈ మాట పక్కిళ్లకి పాకింది. సాయంత్రానికి బాబాయి నాలుగిళ్ల గోడలు గోకి, నడుం పట్టుకుని, బుట్ట నింపాడు.

రెండోసారీ కణాలు చచ్చాయి. ల్యాబంతా సంబరపడింది. ఆ తర్వాత అదే సారాన్ని ఆరోగ్యంగా ఉన్న కణాల మీద వేశారు. అవీ చచ్చాయి.

"మందు కాదండీ. ఉత్త విషం," అంది పిన్ని ఇంటికొచ్చి. నవ్వుతూ చెబుదామనుకుంది గానీ నవ్వు రాలేదు.

బాబాయి పెరటి గోడ వైపు చూశాడు. మెల్లగా అడిగాడు.

"అయితే నేను పీకడం మంచిదే అయిందా?"

కోపంగా చూడబోయిన పిన్ని పకపకా నవ్వేసింది.

ఆ ఆదివారం రెండు వందల పద్నాలుగో మొక్క కోసం ఇద్దరూ కాలవ గట్టుకి వెళ్లారు. సంచీ బాబాయే మోశాడు. ప్రతి మొక్క దగ్గరా ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని, "దీన్ని ముట్టుకోవచ్చా?" అని అడిగాడు.