వట్టి బండి

జడ్చర్లలో మా పక్కింటి పుల్లమ్మ పుట్టకముందు వాళ్ళమ్మకు ముగ్గురు బిడ్డలు పుట్టి పోయారు. అందుకని ఈమెను పుట్టగానే పుల్లి విస్తళ్ళలో, అంటే జనం తిని పారేసిన ఎంగిలాకుల మీద, పడుకోబెట్టి ఆ పేరు పెట్టారు. చావుకు కూడా అసహ్యం పుట్టాలని! డెబ్బై దాటినా గట్టిగా ఉంది కాబట్టి ఆ ఉపాయం పారిందనే ఆమె నమ్మకం. ఎవరి పసిపిల్లను చూసినా "ఛీ, కోతిమొఖం" అంటుంది. నాకు ఒళ్ళు మండేది.

ఆమె పెంచిన మనవరాలు నిరోషకు తొలిచూలు ఆడపిల్ల. ముందే ఏమీ కొనొద్దని పుల్లమ్మ పట్టుబట్టి, నాలుగిళ్ళలో అడిగి పాత బట్టలు తెచ్చింది. ఆ బిడ్డ పేరైనా పెట్టకముందే పోయింది. ఆ పాత బట్టల్లోనే సాగనంపారు.

తర్వాత మళ్ళీ ఆడపిల్లే పుట్టింది. ఈసారి నిరోష ఎవరి మాటా వినలేదు. పిల్లకు మెడ నిలవగానే, పడుకోబెట్టి తోసుకుంటూ తిప్పే కొత్త పిల్లల బండి కొంటానంది. మొగుడు విజేందర్ ఫార్మా కంపెనీలో డ్యూటీకి పోయాడు. అవ్వా మనవరాలూ తగువు పడతారేమోనని నేనూ వెంట వెళ్ళాను.

దుకాణాయన ఒక ఎర్ర బండిని ముందుకూ వెనక్కూ నడిపి చూపించాడు. పుల్లమ్మ గబగబా వెళ్ళి చక్రానికి కాలు అడ్డం పెట్టింది.

"వట్టి బండి ఊపకు కొడుకా! వట్టిగ కనవడితే ముందు పోయిన పిల్ల ఎక్కి కూసుంటది. తన జాగనే అనుకుంటది. ఇంక దిగది."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నిరోష మొహం పాలిపోయింది.

పుల్లమ్మ మూలనున్న, రంగు వెలిసిన బండి చూపించింది. "గిది తీస్కో. దిష్టి తాకది."

"ముందటి బిడ్డకు అన్నీ పాతయే తొడిగినం గదా అవ్వా," అంది నిరోష. "బతికిందా?"

పుల్లమ్మ చక్రం దగ్గర కాలు తీసేసింది. ఎర్ర బండే కొన్నారు.

అయినా ఆమె భయం పోలేదు. పిల్ల బండిలో లేనప్పుడల్లా రోటి పొత్రాన్ని గుడ్డలో చుట్టి అందులో పడుకోబెట్టేది. పురుడు నాడు తొట్టెలలో బిడ్డకన్నా ముందు పొత్రాన్ని వేస్తారు కదా, అదే లెక్క. బండి వట్టిగా ఉండకూడదు, అంతే. ఆ మూటను చూసినప్పుడల్లా నేను ఉలిక్కిపడేదాన్ని.

ఒక మధ్యాహ్నం వాకిట్లో పుల్లమ్మ దగ్గర కూర్చున్నాను. పిల్ల లోపల నిద్రపోతోంది. నిరోష బయటికి వచ్చి, పొత్రాన్ని తీసి గోడ పక్కన పెట్టింది. వట్టి బండిని మెల్లగా తోయసాగింది.

"ఏం జేస్తున్నవే పిల్లా! ఎక్కుతదే!"

"ఎక్కనియ్యి అవ్వా. దానికి మనం ఏం గొనలే."

నాకు భయమేసింది. ఏడుపూ వచ్చింది. బండి వాకిలి చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చింది. పుల్లమ్మ దానికేసి అలాగే చూస్తూ కూర్చుంది. తర్వాత మోకాళ్ళు పట్టుకుని లేచి, బండికి అడ్డం వెళ్ళింది.

"జర ఆగు బిడ్డా. దాని మొఖానికి ఎండ కొడ్తాంది," అని బండి గొడుగు కిందికి దించింది.