మగ్గం గుంతలో తడి

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను ఎప్పుడూ ఆటపట్టించేవాణ్ని. గోడలో చప్పుడు వస్తోందంటే ఎలుకలు అనేవాణ్ని. తలుపు తనంతట తానే బిగుసుకుపోతోందంటే పునాది కదిలింది అనేవాణ్ని. నా వృత్తి అలాంటిది. మాది ఆదోని. నల్లరేగడి నేలలో చీలిపోయిన ఇళ్ల పునాదులు చూసి బాగు చేయించడం నా పని. ఈ రోజుకీ నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. కానీ ఎమ్మిగనూరులో ఒక ఇంట్లో నా కళ్లతో చూసినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మా మట్టి సంగతి ముందు చెప్పాలి. వానలు పడితే నల్లరేగడి ఉబ్బుతుంది, ఎండలు ముదిరితే ముడుచుకుంటుంది. దాని మీద కట్టిన ఇల్లు ఏటా లేస్తూ దిగుతూ ఉంటుంది. అంతా ఒకేలా లేచి ఒకేలా దిగితే బాధ లేదు. ఒక పక్క దిగి, ఇంకో పక్క దిగకపోతేనే గోడలు చీలుతాయి. జనం మాత్రం దిష్టి తగిలిందని గుమ్మడికాయ కడతారు. చీలిక పెరిగితే ఇంకో గుమ్మడికాయ కడతారు. అది కూడా పనిచేయకపోతే నాకు ఫోన్ చేస్తారు.

ఉరుకుందమ్మ కూడా అలాగే చేసింది. ఆమె ఇంటికి వెళ్లేసరికి గుమ్మానికి రెండు గుమ్మడికాయలు వేలాడుతున్నాయి.

నలభై ఏళ్ల మనిషి. భర్త ఈరన్న నేతపనివాడు, ఉగాదికి ముందు గుండెనొప్పితో ఉన్నట్టుండి పోయాడు. ఇంట్లో ఇప్పుడు ఆమె, ఇంటర్ చదివే కూతురు. మట్టితో కట్టిన పాత రాతి గోడలు, పైన బండల మిద్దె. తూర్పు గోడ చీలికలో నా అరచెయ్యి దూరింది. వంటింటి గోడా, ముందు గోడా అదే దారిలో ఉన్నాయి.

పడమటి గదిలో మగ్గం ఉంది. గుంట మగ్గం. నేలలో మోకాలి లోతున గుంత తవ్వి, నేసేవాళ్లు అందులోకి కాళ్లు దించి కూర్చుంటారు. ఈరన్న సగం నేసిన చీర మగ్గం మీద అలాగే ఉంది. గుంత మీద పలకలు పరిచి, గోనెసంచి కప్పి ఉంచారు. నేను పలకలు ఎత్తబోతే ఆమె వద్దన్నట్టు చూసింది. నేనూ వదిలేశాను.

నా లెక్క ప్రకారం ఇంట్లో అన్నిటికన్నా ముందు పడాల్సింది ఆ గది పడమటి గోడే. మధ్యాహ్నం నుంచి ఎండంతా దాని మీదే. పైగా పునాది పక్కనే మగ్గం గుంత. చిత్రంగా ఆ గోడకు కిటికీ మూలన వెంట్రుకంత గీత తప్ప ఏమీ లేదు. ఇంకా చీలలేదు అంతే, రేపో మాపో చీలుతుంది అనుకున్నాను. గుంతను గరుసు మట్టితో పూడ్చేసి, పైన కాంక్రీటు వేయాలని చెప్పాను.

ఆమె చీర మీది దుమ్ము కొంగుతో దులిపింది.

"గుంత పూడిస్తే నేను యాడ కూసోవల్లన్నా?" అంది. "ఆ చీర నేసి నేనే దించల్ల. పని నాకొస్తాది. ఇన్నేండ్లు ఆయప్పకు నూలు కండెలు సుట్టి ఇచ్చింది నేనే గదా. ఈ మగ్గం పోతే మేమిద్దరం ఏం తిని బతకల్ల?"

నేల మీద నిలబెట్టే మగ్గం కొనుక్కోమందామని నోటిదాకా వచ్చింది. ఆ ఇంటిని చూస్తూ ఆ మాట అనలేకపోయాను. గోడ మీద పడితే చీర కాదు, మనుషులే మిగలరు అని మాత్రం కటువుగానే చెప్పాను. నాకు కోపం త్వరగా వస్తుంది. ముఖ్యంగా తప్పు నాది కానప్పుడు.

మిగతా గోడల పని ముందు చేసి, గుంత సంగతి ఆఖరున చూద్దామని ఒప్పుకున్నాను. ప్రతి గోడకూ చీలిక మీద అడ్డంగా ఒక గాజు ముక్క సిమెంటుతో అతికించాను. గోడ కదిలితే గాజు పగులుతుంది. పడమటి గోడ గీత మీద కూడా ఒకటి పెట్టాను.

పునాదుల పక్కన మట్టి తీస్తున్నప్పుడు లోపల మనుషులు ఉండకూడదు. అందుకని ఉరుకుందమ్మ కూతుర్ని తీసుకుని కోడుమూరులో తమ్ముడి ఇంటికి వెళ్లింది. తాళం చెవి ఒకటే. అది నా సంచిలో వేసుకున్నాను.

మే నెల ఎండలు. మా మేస్త్రీ రంగన్న మనుషులను పెట్టి తూర్పున, ముందు, వంటింటి వైపు కొంచెం కొంచెంగా తవ్వించాడు. మూడు పక్కలా మట్టి నోళ్లు తెరుచుకుని ఉంది. నిలువు నెర్రెల్లోకి గడ్డపార వదిలితే జారిపోతోంది. గాజు ముక్కలు మూడూ పగిలాయి. అదంతా నేను అనుకున్నదే.

తర్వాత పడమటి గోడ బయట తవ్వించాను. జానెడు లోతు దాకా మట్టి ఎండి ఉంది. ఆ కింద పార దిగగానే చప్పుడు మారింది. రంగన్న వంగి పిడికెడు మట్టి తీసి నా చేతిలో పెట్టాడు. నొక్కితే ముద్ద కట్టింది.

"పైపేమన్నా పగిలిందేమో సూడు సార్" అన్నాడు.

ఆ వైపు పైపు లేదు. కుళాయి ఇంటి ముందు ఉంది, అందులోనూ నీళ్లు వచ్చిన రోజు పండగే. పక్కిళ్ల జలదారులన్నీ వెతికాను, ఒక్కటీ ఇటు రాదు. ఊరి పక్క కాలువలో నీళ్లు ఆపేసి చాలా రోజులైంది. అడుగు నుంచి ఊట వస్తే మిగతా మూడు గోడల కిందా తడి ఉండాలి. లేదు. అప్పుడు అర్థమైంది, ఇల్లు ఎందుకు చీలుతోందో. మూడు గోడలూ దిగుతున్నాయి, మగ్గం గది దిగడం లేదు.

తాళం తీసి లోపలికి వెళ్లాను. రంగన్న నా వెనకే వచ్చాడు. గోనెసంచి తీసి పలకలు ఎత్తాం.

గుంత తడిగా ఉంది. చెమ్మ కాదు, తడి. అప్పుడే ఎవరో పోసినట్టు గుంత గోడల మీద నీళ్లు కారిన చారలున్నాయి. ఎడమ పక్క కొంచెం ఎక్కువగా ఉన్నాయి. గది మూలన బోర్లించిన చెంబు మీద దుమ్ము పేరుకుని ఉంది. ఇంట్లో బిందెలన్నీ ఖాళీ. మిద్దెలో వెలుతురు కోసం వదిలిన గవాక్షికి బండ మూసే ఉంది.

రంగన్న వెనక్కి వెళ్లాడు. చెప్పులు గది బయట విడిచి వచ్చాడు. అతను అలా విడవడం చూసి నాకు చిరాకు వేసింది. ఎవరో ఆకతాయి పని అని గట్టిగా అన్నాను. తవ్వకానికి గీతలు వేసే ముగ్గుపిండి తెచ్చి గుంత అంచు మీద, గది నేలంతా, గడప దాకా పల్చగా చల్లాను. పిల్లి నడిచినా తెలియాలి. నేనే తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని ఆదోని వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున నేనే తెరిచాను. ముగ్గుపిండి చల్లింది చల్లినట్టే ఉంది. అంచు మీద పిండి పొడిగా ఉంది. దాని కిందనుంచి గుంత గోడల మీద మళ్లీ కొత్త చారలు. ఎడమ పక్క ఎక్కువ.

భయం వేసిందా అంటే, నిజం చెబుతున్నాను, వేయలేదు. ఎవరో పని చేసుకుంటుండగా నేను అడగకుండా గదిలోకి వచ్చినట్టు అనిపించింది. తిరిగి పలకలు పరిచి బయటికి వచ్చేశాను.

ఉరుకుందమ్మ కోడుమూరు నుంచి వచ్చాక ముందు ఒకటే అడిగాను, గుంతలో నీళ్లు ఎప్పుడైనా పోశావా అని.

"లేదన్నా. ఆయప్ప పోయినప్పటి నుంచి ఆ పలకలే ఎత్తలేదు" అంది. "ఆయప్పే పోస్తాండె, దినామూ పొద్దున్నే. గుంత ఎండితే గాలి ఎండిపోయి దారాలు తెగుతాయి గదా."

నేను చూసింది చెప్పాను. గుంత తడిగా ఉందని మాత్రమే చెప్పాను. ఏ పక్క ఎంత అని చెప్పలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెల్లగా అడిగింది.

"ఎడమ పక్క ఎక్కువ తడిసింటాది గదన్నా? పడమటెండకు ఆ పక్క దారాలే తెగుతాంటాయి. ఆయప్ప ఆడ ఇంకో చెంబు ఎక్కువ పోస్తాండె."

నాకు ఏడుపు వచ్చింది. మేస్త్రీ ముందు, కూలీల ముందు. దుమ్ము పడిందని కళ్లు తుడుచుకున్నాను. రంగన్న అటు తిరిగి నిలబడ్డాడు.

గుంత పూడ్చలేదు. మిగతా మూడు గోడల పునాదులు నల్లమట్టి దాటి గట్టి నేల దాకా దించాం. పడమటి గోడ జోలికి పోలేదు. రోజూ ఒకేలా తడి ఉంటే ఆ మట్టి కదలదు, అది నా చదువు చెప్పేదే. పొద్దున్నే గుంతలో నీళ్లు పోయడం మానవద్దని ఆమెకు చెప్పాను. మర్నాడే ఆమె మూలనున్న ఆ చెంబు కడిగింది.

చీర దించింది. ఇంకో చీరకు పడుగు దారాలు ఎక్కించింది. పడమటి గోడ మీద నేను అతికించిన గాజు ముక్క ఇప్పటికీ పగలలేదు. ఎన్నో గోడలు ఎందుకు చీలాయో చెప్పి బతుకుతున్నాను. ఆ వేసవంతా ఒక గోడ ఎందుకు చీలలేదో మాత్రం నాకు తెలియదు.

మొన్నామధ్య ఫోన్ చేసింది. గోడ గురించేమో అనుకున్నాను.

"గోడ బాగుండాదన్నా. నిన్న పాపకు జ్వరమొచ్చి ఆస్పత్రికి పోతి, గుంతలో నీల్లు పోసేది మర్సిపోతి. ఈ పొద్దు సూస్తే ఎండి నెర్రెలిచ్చింది. అప్పుడు ఎవురూ పోయకున్నా తడి ఉండె. ఇప్పుడు ఒక్క దినం మర్సిపోయినా ఎండిపోతాదన్నా."

ఆ మాటలో ఫిర్యాదు ఉందో, బెంగ ఉందో నాకు తెలియలేదు.

"అయితే మర్చిపోవద్దమ్మా" అన్నాను.