తంబూరా పెట్టె

నాకు మనుషుల్ని నమ్మడం అంత తొందరగా రాదు. రేడియోలు బాగుచేసే పనిలో పడ్డాక ఆ గుణం ఇంకా ముదిరింది. రేడియో తెచ్చిన ప్రతివాడూ "నేనేం ముట్టుకోల్యా అప్పా, దానంతట అదే నిలిచిపోయింది" అంటాడు. వెనక రేకు విప్పితే లోపల విరిగిన స్క్రూలు, పీకిన తీగలు. ఒకసారి ఏకంగా ఒక చెంచా దొరికింది. పందొమ్మిదివందల అరవైల్లో హిందూపురం బజారులో నా చిన్న అంగడిలో కూర్చుని నేను నేర్చుకున్నది ఒకటే. యంత్రం అబద్ధం చెప్పదు, దాన్ని తెచ్చినవాడు చెబుతాడు.

ఈ విషయంలో మా అత్తను కూడా నేను మినహాయించలేదు. ఆమె మా నాయనకు అక్క. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసింది, నన్ను పెంచింది ఆమే. హరికథలు చెప్పే దాసుగారి వెనక కూర్చుని తంబూరా మీటేది. ఆయన కథ యాడుంటే ఆమె ఆడ. కదిరి, మడకశిర, అమరాపురం, రొళ్ల, ఎక్కడెక్కడి పందిళ్లలోనో ఆమె కూర్చున్న చాప గుర్తులు ఉండే ఉంటాయి. ఇంట్లో ఆమె మాటకు పెద్ద విలువ ఉండేది కాదు. ఆ చాప మీద మాత్రం ఆమెదే స్థానం.

ఒక చలికాలంలో ఆమె కుడిచేతి మధ్యవేలు కణుపు దగ్గర వాచింది. తంబూరాకు నాలుగు తీగలు. మొదటిదాన్ని మధ్యవేలితో, మిగతా మూడింటినీ చూపుడువేలితో మీటాలి. ఆ మొదటి తీగ దగ్గరే ఆమె చెయ్యి వెనకాడడం మొదలైంది. దాసుగారు గమనించి ఇంటికి వచ్చారు.

"అక్కా, చేతికి కొంచెం విశ్రాంతి ఇయ్యల్ల నువ్వు. కదిరిలో ఒకామె ఉండాది, బాగానే మీటుతాది. పెనుకొండలో రామనవమి కథకు ఆమెను పిలిపిస్తామా?"

"పెనుకొండకు నేనే వస్తా. ఆడ తప్పు పోతే అప్పుడు పిలిపించుకో" అంది అత్త.

ఆ కదిరి ఆమె దాసుగారి భార్యకు చుట్టమని రెండు రోజుల్లో కూపీ లాగాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. విశ్రాంతి కాదు, ఎసరు. పెనుకొండలో ఒక్క మీటు తప్పితే అత్త చాప వేరొకరిది అయిపోతుంది.

అప్పుడు నాకీ ఆలోచన వచ్చింది. మీటే పని చెయ్యి చేయక్కర లేకుండా ఒక పెట్టె చేస్తే? పాత రేడియోల వాల్వులు, అంటే వెలుగుతూ వేడెక్కే గాజుబుడ్లు, నా దగ్గర చాలానే ఉన్నాయి. వాల్వుతో శ్రుతి పుట్టించడం కష్టం కాదు. ఒక గ్రామఫోన్ మోటారు మీద చక్రం బిగించి, దాని అంచున నాలుగు ఇత్తడి ముక్కలు పెట్టాను. చక్రం ఒకసారి తిరిగితే నాలుగు మీట్లు. లోపలే ఒక చిన్న స్పీకరు. పెట్టె మోకాలి పక్కన దుప్పటి కింద ఉంటుంది. అత్త తంబూరా పట్టుకుని తీగలకు తగలకుండా వేళ్లు ఆడిస్తే చాలు.

"నన్ను ఇంట్లో కూచోబెట్టేదానికే ఇదంతా చేస్తాండావు నువ్వు" అంది అత్త.

"నిన్ను ఆడ కూచోబెట్టేదానికే అత్తా."

ఆమె నమ్మలేదు. ఈ గుణం నాకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో వేరే చెప్పాలా?

మొదట పెట్టెలోంచి వచ్చింది తంబూరా కాదు. శ్రుతి సరిగ్గానే ఉంది గానీ శబ్దం ఒక్కసారిగా మొదలై, ఒక్కసారిగా తెగిపోయేది. పోస్టాఫీసులో తంతి కొడుతున్నట్టు ఉండేది. అప్పుడు కండెన్సర్ వేశాను. దానిలో నిండిన కరెంటును నెమ్మదిగా జారనిస్తే శబ్దమూ దానితోపాటే తగ్గుతుంది. అడుగున చిల్లి పడిన కుండలో నీళ్లలాగా, నిండుగా ఉన్నప్పుడు జోరుగా, ఖాళీ అయ్యేకొద్దీ సన్నగా. ఇప్పుడు చివర కుదిరింది. మొదలు మాత్రం కుదరలేదు. పళ్లెం మీద గరిటె కొట్టినట్టే ఉంది.

అంతలో ఎవరో పెట్టెను ముట్టుకుంటున్నారని అనుమానం వచ్చింది. అంగడికి వెళ్లేముందు మూతకు పట్టుదారం చుట్టి రెండు ముళ్లు వేసి వెళ్లాను. సాయంత్రం వచ్చి చూస్తే ఒకటే ముడి.

"నీ పెట్టె నాకెందుకురా?" అంది అత్త, నా మొహం కూడా చూడకుండా.

పెట్టె పనికిరాకుండా చేయాలని అత్తే లోపల ఏదో పీకేస్తోందని నిర్ణయించుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం అంగడి మూసేసి, చప్పుడు చేయకుండా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల రెండు తంబూరాలు మోగుతున్నాయి. అత్త పెట్టెకు ఎదురుగా కూర్చుని, అది ఒకసారి మోగాక తానొకసారి మీటి, రెండూ పోల్చి వింటోంది. పట్టుబడినందుకు ఏమాత్రం సిగ్గుపడలేదు.

"ఇది మీటినట్ల ల్యా, కొట్టినట్ల ఉండాది" అంది. "వేలు తీగను వదిలినంక శబ్దం యాడ మొదలైతాదో చూడు."

తంబూరా నా చెవి దగ్గర పెట్టి మీటింది. గోరుతో కాదు, వేలి కండతో. తీగ కింద, గుర్రం అనే చిన్న చెక్క మీద, ఒక పట్టుపోగు ఇరికించి ఉంటుంది. దాన్ని జీవ అంటారు. ఆ పోగు కోసం ఆమె ఏటా ధర్మవరం వెళ్లి, తెలిసిన నేతగాళ్ల ఇంట్లో మగ్గం నుంచి కోసేసిన కొసలు అడిగి తెచ్చుకునేది. నేను మూతకు చుట్టింది కూడా ఆ పట్టుకొసల ఉండలోదే. ఆ పోగు ఉన్నందువల్ల వేలు వదిలిన క్షణంలో శబ్దం కొంచెమే ఉంటుంది. ఆ తర్వాత విచ్చుకుంటుంది. ఆ తర్వాతే తగ్గడం మొదలవుతుంది. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి నేను ఈ సంగతి వినలేదు. కండెన్సర్ నిండే దారిలో ఒక చిన్న రెసిస్టర్ వేసి, నిండడాన్ని రవ్వంత ఆలస్యం చేశాను. మోగించగానే అచ్చం తంబూరా పలికింది.

అత్త చాలాసేపు వింది. "బాగుండాది. కానీ నాలుగూ ఒకే బలంతో పలుకుతాండాయి. మనిషి చేతిలో అట్ల ఉండవు" అంది.

"అదే దీని గొప్ప. దీనికి వేలు నొయ్యదు" అన్నాను గర్వంగా.

రామనవమి పొద్దున రైల్లో పెనుకొండ వెళ్లాం. దారిలో ఎవరూ ముట్టుకోకుండా మూత మీదుగా, స్విచ్చి మీదుగా పట్టుదారం చుట్టి నా రెండు ముళ్లూ వేశాను. కథ మొదలయ్యే ముందు ముడి విప్పి స్విచ్చి వేయడం మాత్రమే అత్త పని. పందిట్లో దుప్పటి కింద పెట్టె అమర్చి, కరెంటు తీగ కలిపి, నేను వెనక మైక్‌సెట్ అతని పక్కన కూర్చున్నాను. అతను శబ్దం తగ్గించి మా పరువు తీస్తాడేమోనని నా భయం.

దాసుగారు గజ్జెలు కదిలించారు. తంబూరా మొదలైంది.

అంత మంచి శబ్దం మా ఇంట్లో కూడా పలకలేదు. వస్తున్నది పెట్టె శబ్దమో, నిజం తంబూరాదో, చేసినవాణ్ని నాకే తెలియలేదు. "ఈపొద్దు తంబూరా బలే పలుకుతాంది కదప్పా" అన్నాడు మైక్‌సెట్ అతను. నేను పొంగిపోయాను.

గంట గడిచాక మొదటి మీటు సన్నబడింది. మిగతా మూడూ బాగానే ఉన్నాయి, మొదటిదే నీరసంగా వస్తోంది. మొదటి ఇత్తడి ముక్కకు మసి పట్టిందనుకున్నాను. తర్వాత ఒకటి రెండుసార్లు అది అసలు వినిపించలేదు, ఆ వెంటనే మరీ గట్టిగా వచ్చింది. వాల్వు వేడెక్కి బలహీనపడిందనుకున్నాను. పెనుకొండ కరెంటును తిట్టుకున్నాను. దాసుగారు కావాలనే కరెంటు తీగ తొక్కారేమోనని కూడా అనుకున్నాను. ఇంటికి వెళ్లగానే ఏ రెసిస్టర్ మార్చాలో మనసులో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. సన్నబడినా, తడబడినా, తంబూరా మాత్రం మంగళహారతి దాకా ఆగలేదు.

జనం పానకం, వడపప్పు కోసం లేచారు. నేను వేదిక దగ్గరికి వెళ్లేసరికి దాసుగారు అత్త ముందు నిలబడి ఉన్నారు. "కదిరికి కబురు పెట్టేది ల్యా అక్కా. ఒకటి రెండు మీట్లు పోయినా శ్రుతి నిలబెట్టినావు. ఎన్నాళ్లయినా నువ్వే రావల్ల" అంటున్నారు. అత్త కుడిచెయ్యి కొంగు కింద దాచుకుని తలూపింది.

కాలుతుందని ఉత్తరీయం చేతికి చుట్టుకుని దుప్పటి ఎత్తాను. రెండు గంటలు వెలిగిన వాల్వుల పెట్టె ముట్టుకుంటే బొబ్బ లేవాలి. అది చల్లగా ఉంది. మూత మీద, స్విచ్చి మీద, పొద్దున రైల్లో నేను వేసిన రెండు ముళ్లూ వేసినట్టే ఉన్నాయి.

ఇన్నాళ్లూ ఎవరైనా విప్పారేమోనని వెతికిన ముడి అది. ఆ రోజు ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

అత్త పక్కన కూర్చున్నాను. "ఎందుకత్తా?"

"మీటకుండా మీటినట్ల అంతమంది ముందర చెయ్యి ఆడిచ్చేదానికి నేనేమన్నా తోలుబొమ్మనా?"

"వేలు అంత నొస్తాందని చెప్పచ్చు కదా."

"నొస్తాందంటే పెట్టె పెట్టుకోమంటావు. నొయ్యల్యా అంటే నమ్మవు. నీకేం చెప్పల్లరా?"

ఎవరో పానకం గ్లాసు తెచ్చి ఇచ్చారు. ఆమె అలవాటుగా కుడిచెయ్యి కొంగులోంచి బయటికి తీసింది. మధ్యవేలు రెండింతలైంది, కొసన చర్మం చిట్లి ఉంది. గ్లాసు చుట్టూ ఆ వేళ్లు మూసుకోలేదు. రెండు గంటల సేపు ఆ నొప్పినంతా విన్నాను నేను. ఏ మీటు దగ్గర ఎంత పెరిగిందో కూడా విన్నాను. వాల్వు చెడిపోయిందనుకున్నాను.

గ్లాసు నేను అందుకుని ఆమె నోటి దగ్గర పట్టుకున్నాను.