మూడో బెంచీలో మా అమ్మ

మా ఆవిడ పగలు పిల్లలకీ, సాయంత్రం ఓ గంటసేపు అదే గదిలో పెద్దవాళ్ళకీ చదువు చెబుతుంది. పిల్లల బెంచీల్లో మోకాళ్ళు పట్టక పక్కకి తిరిగి కూర్చునే ఇరవై మంది ఆడవాళ్ళలో మా అమ్మ ఒకతె. మూడో బెంచీ. తరగతి మొత్తానికీ తలనొప్పి మా అమ్మే.

అరవై ఏడేళ్ళ మనిషి చేసే పనులు కావవి. ముందు కూర్చున్నావిడ జడకి సుద్దముక్క కట్టింది. పక్కింటి పిన్నిని గిల్లి కెవ్వుమనిపించింది. ఒకరోజు ఇంకేమీ తోచక బెంచీ మీంచి జారిపడి ప్రాణం పోతోందంది. గంట కొట్టగానే చీర దులుపుకుని లేచి వచ్చేసింది.

క్లాసులో అత్తాకోడళ్ళు లేరు, ఉన్నది టీచరూ, విద్యార్థులూ అంది మా ఆవిడ. ఇంట్లో టీచర్లు లేరు, కోడళ్ళే అంది మా అమ్మ. ఇద్దరూ కలిసి నడవడం మానేశారు. స్కూటరు మీద ఒకరి తర్వాత ఒకరిని దింపి, మళ్ళీ ఒక్కొక్కరినే ఇంటికి తెచ్చే పని నా నెత్తిన పడింది. చివరికి, ఇంకొక్కసారి అల్లరి చేస్తే రిజిస్టర్లో పేరు కొట్టేస్తానని మా ఆవిడ అందరి ముందూ చెప్పేసింది.

ఇంటికొచ్చి అమ్మ అన్నం సగంలో వదిలేసింది. నాన్న ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే పేపరు పైకి చదివి వినిపించేవాడు. నేనేమో ఆటల పేజీ తప్ప ముట్టను. ఆ పేపరేదో తనే చదువుకోవాలని బడిలో చేరిన మనిషికి ఈ కోతివేషాలెందుకని నాకు ఒళ్ళు మండింది.

మా ఆవిడకి మండలేదు. ఎవరేం అల్లరి చేశారో, ఆ సమయానికి క్లాసులో ఏం జరుగుతోందో ఓ పుస్తకంలో రాసుకోవడం ఆమెకి అలవాటు. ఆ పుస్తకం నా ముందు పెట్టింది. జడకి సుద్ద కట్టినప్పుడూ, గిల్లినప్పుడూ, జారిపడినప్పుడూ లేచి పాఠం పైకి చదువుతున్నది పక్కింటి పిన్నే.

"పిన్ని తర్వాత వంతు ఎవరిది?" అంది.

"అమ్మది."

"మరి! నలుగురిలో తప్పు చదవడం కంటే చివాట్లు తినడమే నయమనుకుంటున్నారు మీ అమ్మగారు."

ఈ మాట అమ్మకి చెబితే మళ్ళీ ఆ గడప తొక్కదు. అందుకని మా ఆవిడ వంటింట్లోని సొట్టల డబ్బాలన్నీ తీసేసి, ఒకే రకం కొత్త డబ్బాలు తెచ్చి, వాటి మీద సరుకుల పేర్లు రాసిన కాగితాలు అంటించింది. రోజూ పొద్దున్నే వాటి చోట్లు మార్చేసేది. సొట్టని బట్టి సరుకు గుర్తుపట్టే మా అమ్మకి చేతులు విరిగినట్టయింది. ఫలితం నేను తాగాను. వారం రోజులు ఉప్పు కాఫీ, తియ్యటి కూర. వేలితో రుచి చూడొచ్చుగా అంటే, వేళ్ళు నాకి వంట చేసే రకాన్ని కానంది. ఎనిమిదో రోజు కాఫీలో పంచదార పడింది. తొమ్మిదో రోజూ పడింది. ఆ కాఫీ తాగుతుంటే నాకు నిజంగా ఆనందం వేసింది, కొంత నా నాలుక కోసమే అయినా.

ఆ తర్వాతి సోమవారం క్లాసు కిటికీ బయట నిలబడి చూశాను. పిన్ని చదవడం ముగించింది. మా ఆవిడకే గుండె జారినట్టుంది, అమ్మని దాటేసి నాలుగో బెంచీని లెమ్మంది.

మా అమ్మ బెంచీ మీద దబదబా బాదింది. గదిలో కళ్ళన్నీ రిజిస్టరు మీదికి పోయాయి.

"టీచరుగారూ, నా వంతు మింగేశారు," అంది.

లేచి నిలబడి, పుస్తకం ముక్కుకి ఆనించుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. మొదటి వాక్యానికే రెండు తప్పులు దొర్లాయి. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. నాలుగో వాక్యంలో ఉండగా గంట కొట్టారు. అందరూ సంచులు సర్దుకుని లేచారు.

"కూర్చోండి. పేజీ ఇంకా ఉంది," అంది మా అమ్మ, తలెత్తకుండా.

అందరూ కూర్చున్నారు. మా ఆవిడ కూడా మొదటి బెంచీలో కాస్త జరగమని, కూర్చుంది.