చీకటి చక్రవర్తి గొంతు

చొక్కాలకు గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టే ఆ గదిలో తొమ్మిది మంది ఆడవాళ్ళు. ఎనిమిది మంది పని చేస్తారు, ఒకామె పుస్తకం చదివి వినిపిస్తుంది. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంది కానీ అందరి నోళ్ళలోనూ ఆమె రేడియో. చదువుతున్నంతసేపూ ఆమె చేతులు ఖాళీ కాబట్టి, ఆమె వంతు చొక్కాలను మిగతావాళ్ళు తలా కాసిని పంచుకుని కుట్టేసేవాళ్ళు. సాయంత్రానికి పని పూర్తయితే చాలని సూపర్‌వైజరు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

రేడియోకి చిన్నప్పటి నుంచీ నాటకాల పిచ్చి. బడిలో రెండుసార్లు వేషం కట్టింది, పెళ్ళయ్యాక అవన్నీ అటకెక్కాయి. ఈ గదిలో పుస్తకం పట్టుకున్నాక మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. మనిషికో గొంతు పెట్టి చదివేది. ఎదుటివాళ్ళు నవ్వితే ఒళ్ళు తెలిసేది కాదు. అదే ఆమె కొంప ముంచింది.

ఆ వానాకాలం చేతికొచ్చింది రాకెట్లూ మంత్రాలూ కలిసి కాపురం చేసే నాలుగు వందల పేజీల నవల. ఒక పక్క వెలుగు సేన, మరో పక్క అధ్యాయానికో సూర్యుణ్ణి మింగే చీకటి చక్రవర్తి. వెలుగు సేనలో అందరికీ గొంతులు ఇట్టే దొరికాయి. చక్రవర్తి మాత్రం కుదరలేదు. మామగారి గొంతు పెట్టి చూసింది, సూపర్‌వైజరుది పెట్టి చూసింది. ఎవరూ తల కూడా ఎత్తలేదు. మూడో రోజు, ముందుగా అనుకోకుండానే, నోట్లోంచి ఇస్త్రీ పిన్ని గొంతు ఊడిపడింది.

పిన్ని ఆ చివర బల్ల దగ్గర ఇస్త్రీ చేస్తుంది. గొంతుకి ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆమె మాట అడుగంటిన గిన్నెను గీకినట్టు వస్తుంది. రెండు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకోవాలి.

"ఓ సూర్యుడా... నీ వెలుగు... ఇక నాది!"

గది గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది పిన్నే. తన గొంతు బయటికి ఎలా వినిపిస్తుందో ఆమెకి తెలియదు పాపం.

ఇంటికి వెళ్తూ రేడియో తనని తాను తిట్టుకుంది. మర్నాడు చక్రవర్తికి వేరే గొంతు పెట్టింది. పిన్ని ఇస్త్రీ పెట్టె ఆపింది.

"అదేంటమ్మాయ్... నిన్నటి గొంతేమైంది? ఈ చక్రవర్తి... చప్పగా ఉన్నాడు. నిన్నటివాణ్ణే... తీసుకురా."

మిగతావాళ్ళు పెదవులు బిగబట్టి రేడియో వైపు చూశారు. గొంతు నొప్పిగా ఉందనో, కళ్ళు మండుతున్నాయనో అని పుస్తకం మూసేయవచ్చు. మూయలేదు. నిన్నటి గొంతే తెచ్చింది, నవ్వులు రెట్టింపయ్యాయి. వారం తిరిగేసరికి పిన్ని దగ్గు కూడా చక్రవర్తికి వచ్చేసింది.

మధ్యాహ్నం భోజనాల వేళ రేడియో వంతు చొక్కాలు పట్టుకుని కూర్చునేది కూడా పిన్నే. ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్నంతసేపూ సూది పట్టడానికి ఆమెకి వీలుండదు మరి.

"నువ్వు తిని... కాస్త నడుం వాల్చు. గొంతు జాగ్రత్త తల్లీ... పోతే మళ్ళీ రాదు. గుండీలు... నేను కుడతాలే."

రేడియో పిన్ని ముఖంలోకి చూడలేక గిన్నెలోకే చూస్తూ తినేది. ఇవాళ మానేస్తాను అనుకునేది. పుస్తకం తెరిచాక మళ్ళీ మామూలే. అది సిగ్గేనా అంటే, సిగ్గే. కాకపోతే పక్కన నలుగురు నవ్వగానే పారిపోయే రకం.

ఆఖరి అధ్యాయం రోజున పిన్ని కూతురు ఇంటి తాళం చెవి కోసం వచ్చింది. లోపల యుద్ధం మంచి పట్టులో ఉంది. చక్రవర్తి ఓడ మీద నిలబడి నక్షత్రాలన్నిటినీ ఆర్పేస్తానని అరుస్తున్నాడు. ఆ అరుపు తలుపు అవతలికి వినిపించింది.

"ఎవరి మీదమ్మా ఆ అరుపులు? డాక్టరు అరవద్దన్నాడు కదా!" అంటూ ఆ పిల్ల లోపలికి వచ్చింది.

తల్లి నోరు మూసుకుని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. పిల్ల తల్లిని చూసింది, తర్వాత పుస్తకం పట్టుకున్న మనిషిని చూసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పిన్ని ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, తలలు వంచుకున్న ఏడుగురినీ ఒక్కొక్కరినే చూసింది.

"నా గొంతు... అలా ఉంటుందా?" అని కూతుర్ని అడిగింది. పిల్ల తల్లి పక్కకి వెళ్ళి నిలబడింది.

రేడియో లేచి నిలబడింది. చెవులు భగ్గుమంటున్నాయి. "నీదే పిన్నీ. నవ్వుతారని తీసుకున్నాను. నాది తప్పే."

పిన్ని నాలుగు తిడితే బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు.

"ఆ పుస్తకంలో మంచివాళ్ళు... ఎంతమంది?"

"పదిహేడు మంది."

"అందరికీ తలో గొంతూ... పెట్టావు కదా."

"పెట్టాను." వాళ్ళమ్మ గొంతుంది అందులో, బడి పంతులమ్మదుంది, కూరలమ్మే ఆవిడదీ ఉంది.

"వాళ్ళలో ఒక్కరికైనా... నాది పెట్టాలనిపించలేదా?"

నిజం చెప్పాలంటే ఒక్కసారి కూడా అనిపించలేదు. ఆ మాట పైకి అనలేక రేడియో పుస్తకం మూసేసింది. పిన్ని కూతురికి తాళం చెవి ఇచ్చి పంపేసి, బల్ల మీద ఇంకో చొక్కా పరుచుకుంది.